వంటశాలలో ఉక్కుమనుషులు

మన భాషలో వంటకు పురాణపురుషులు ఇద్దరున్నారు: నలుడు, భీముడు. భోజనం రుచిగా ఉన్నదని పొగడవలసి వచ్చినప్పుడు నలపాకమనో, భీమపాకమనో అంటాము. విచిత్రమేమంటే ఈ ఇద్దరిలో ఎవరూ వంటకు పుట్టినవారు కారు. ఒకడు రాజ్యం పోగొట్టుకొని బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని కొలువులో చేరినాడు. రెండవవాడు అజ్ఞాతవాసంలో వలలుడై విరాటరాజు వంటశాలలో గరిటె పట్టినాడు. ఇద్దరికీ వంటశాల దాగుకొనే చోటు అయినది. అన్నం తినేవారు అన్నం వండినవాని ముఖం చూడరనే నమ్మకం మీదనే కదా వారు అక్కడ దాగినారు!

అట్లు దాగి ఉండే వంటవానిని దీపాల వెలుగులోకి తెచ్చి నిలబెట్టిన కార్యక్రమం ఒకటి జపాను టెలివిజన్‌లో 1993 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైనది. ఫుజీ టెలివిజన్ వారు ప్రసారం చేసిన ఆ కార్యక్రమం పేరు ‘ర్యోరి నో తెత్సుజిన్’. ‘వంటలో ఉక్కుమనుషులు’ అని దానికి అర్థం చెప్పుకోవచ్చును. ఉక్కుమనిషి అనగానే మనకు సర్దార్ పటేల్ స్ఫురణకు వస్తారు. జపాను వారి ఉక్కుమనుషులు కత్తిపీట ముందు, పొయ్యి ముందు నిలబడినవారు.

దాని కథ ఈ విధంగా సాగుతుంది. కాగా అనే ఐశ్వర్యవంతుడైన ప్రభువు తన కోటలో వంటశాలను క్రీడారంగం వలె నిర్మించినాడట. దానికి ‘కిచెన్ స్టేడియం’ అని పేరు. ప్రభువు పాత్రను ధరించినవాడు కాగా తకేషి అనే ప్రసిద్ధ రంగస్థల నటుడు. తళతళలాడే అంగరఖాలు తొడిగి, పసుపుపచ్చని బెంగుళూరు మిరపకాయను పచ్చిగా కొరికి చిరునవ్వు నవ్వుతూ ఆయన ప్రత్యక్షమవుతాడు. బయటినుండి ఒక వంటవాడు సవాలు చేస్తూ వస్తాడు. ఆస్థానంలోని ఉక్కుమనుషులలో ఒకరు అతనికి ఎదురు నిలుస్తారు. అప్పుడు ఆనాటి ముఖ్యవస్తువును బయటపెడతారు. అది చేప కావచ్చును, వంకాయ కావచ్చును, తోఫు కావచ్చును. ఒక గంటలో ఇద్దరూ ఆ వస్తువు ప్రధానంగా కొన్ని వంటకాలు సిద్ధం చేయవలెను. న్యాయనిర్ణేతలు రుచి చూచి, ఒక్కొక్కరు ఇరవై మార్కులకు తీర్పు చెబుతారు: రుచికి పది, అలంకరణకు ఐదు, కొత్తదనానికి ఐదు. ఇంతే దాని చట్టం.

ఈ కార్యక్రమం 1999 సెప్టెంబరు 24 వరకు, సుమారు మూడు వందల భాగాలుగా నడిచినది. ఆ సంవత్సరమే అమెరికాలోని ఫుడ్ నెట్‌వర్క్ వారు దీనికి ఇంగ్లీషు మాటలు చేర్చి తమ దేశంలో ప్రసారం చేయసాగినారు. నేను దీనిని తొలిసారి చూచినది ఆ ఇంగ్లీషు రూపంలోనే. 2002లో, విశ్వవిద్యాలయపు చదువు ముగిసిన కొత్తలో, అమెరికాలో ఉన్న మా అన్నగారి ఇంటికి వెళ్లినప్పుడు చూచినాను. అందరి మాటలకూ ఇంగ్లీషు గొంతులు అతికించిన ఆ ప్రసారకర్తలు కాగా ప్రభువు గొంతును మాత్రం కదిలించలేదు. ఆయన జపాను మాటలను అట్లే ఉంచి, కింద అనువాదం వ్రాసినారు. కొన్ని కంఠాలకు బదులు కంఠం ఉండదని వారికి తోచి ఉండవచ్చును. అప్పటికి రేడియో ఉద్యోగపు ఊహ కూడ లేని నాకు ఆ సంగతి ఎందుకో మనస్సులో నాటుకొన్నది.

కాని కార్యక్రమం మాత్రం నాకు నచ్చలేదు. నేను చూచినవి చివరి సంవత్సరాల భాగాలు. అప్పటికి దాని వైభవం శిఖరానికి చేరినది. బల్ల నిండ పీతలు, గుట్టలుగా ఖరీదైన పుట్టగొడుగులు, బాతు కాలేయాలు, వాటిపై పొగమంచు, వెనుక భేరీల వంటి సంగీతం. ఆ సంగీతం హాన్స్ జిమ్మర్ 1991లో అగ్నిమాపకదళం వారి కథతో వచ్చిన ‘బ్యాక్‌డ్రాఫ్ట్’ అనే చలనచిత్రానికి కూర్చినది. ఆరేళ్లలో దినుసులకైన ఖర్చు సుమారు 84 కోట్ల యెన్లని తరువాత తెలిసినది. అన్నం పరబ్రహ్మస్వరూపమని వింటూ పెరిగిన వానికి ఇది అన్నంతో ఆడే ఆట వలె కనిపించుటలో ఆశ్చర్యం లేదు. వంటను గురించి ప్రసంగించవలసి వచ్చినప్పుడల్లా నేను ఈ కార్యక్రమాన్ని అతిశయానికి ఉదాహరణగా చెబుతూ వచ్చినాను.

ఆ అభిప్రాయాన్ని ఇటీవల మార్చుకొనవలసి వచ్చినది. మా అమ్మాయి ఎక్కడినుండో సంపాదించిన తొలి భాగాలు, అనగా 1993, 94 సంవత్సరాల నాటివి, వరుసగా కొన్ని సాయంకాలాలు ఇంటిల్లిపాదిమి చూచినాము. మాతో పాటు మా అమ్మ కూడ కూర్చున్నది.

మా అమ్మ నరసాపురం ప్రాంతపు మనిషి. గోదావరి గట్టున పుట్టి పెరిగిన ఆమెకు చేప కడిగే తీరు చూస్తే పులుసు ఎట్లుంటుందో తెలిసిపోతుంది. అట్టి మనిషికి 2021లో వచ్చిన జ్వరం తరువాత వాసన పోయినది. వాసనతో పాటు రుచి పోయినది. వైద్యులు తిరిగి వస్తుందన్నారు. ఉప్పు, పులుపు కొంత తిరిగి వచ్చినవి, మిగిలినవి రాలేదు. అయినను ఆమె వంట మానలేదు. తిరగమోత చిటపటను బట్టి ఆవాలు వేగినవో లేదో, రంగును బట్టి ఉల్లిపాయ మగ్గినదో లేదో తెలుసుకొని వండుతుంది. వండిన తరువాత నన్ను పిలిచి చూడమంటుంది. నేను “బాగుందమ్మా” అంటాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో చివర మనవి చేస్తాను.

మొదట ఆ తొలి భాగాల సంగతి. అవి అరగంట నిడివి గలవి. ఆదివారం రాత్రులలో ప్రసారమైనవి. 1994 ఏప్రిల్‌లో కార్యక్రమం శుక్రవారం రాత్రికి మారి, నిడివి పెరిగినది. ప్రసారంలో పని చేసేవారికి అరగంట అనగా ఏమిటో తెలుసును. గంటసేపటి వంటను, పరిచయాన్ని, తీర్పును అరగంటలో ఇముడ్చవలెనంటే ఆర్భాటానికి ఎక్కువ చోటు మిగలదు. కెమెరా చేతుల దగ్గరకే పోతుంది. తరువాతి భాగాలలో నేను చూడలేకపోయిన చేతులను ఈ తొలి భాగాలలో చూచినాను.

ఆ కాలం కూడ తెలుసుకొనదగినది. 1980ల చివర ఆకాశానికి ఎక్కిన జపాను భూముల ధరలు, వాటాల ధరలు కూలి అప్పటికి రెండు మూడేళ్లయినది. దానికి తోడు 1993 వేసవి వేసవి వలె లేదు. ఎండ కాయక, చలి వదలక, వరి వెన్నులలో గింజ గట్టిపడలేదు. దేశం మొత్తం మీద వరి దిగుబడి మామూలులో నాలుగింట మూడు వంతులకు పడిపోయినది. విదేశీ బియ్యానికి తలుపులు మూసి ఉంచిన ఆ దేశం థాయిలాండు నుండి, చైనా నుండి, అమెరికా నుండి బియ్యం తెప్పించుకొనవలసి వచ్చినది. 1994 మొదటి నెలలలో స్వదేశపు బియ్యం కోసం గృహిణులు దుకాణాల ముందు బారులు తీరినారు. కోటలో విందు చేసే ప్రభువు కథ సరిగా అదే శీతకాలంలో ప్రతి ఆదివారం రాత్రి ఇండ్లలోకి వచ్చినది. అది తెలిసిన తరువాత నాకు ఆ విందు కేవలం అతిశయంగా కనిపించలేదు. కరవు నాళ్లలో పిల్లలకు చెప్పే రాజుగారి విందు కథలలో కూడ ఇట్టి పంచభక్ష్య పరమాన్నాలే ఉంటాయి కదా!

ఆ తొలి ఉక్కుమనుషులు ముగ్గురు: జపాను వంటకు మిచిబా రొకుసబురో, ఫ్రెంచి వంటకు ఇషినాబె యుతక, చైనా వంటకు చెన్ కెనిచి. ఇషినాబె కొన్ని నెలలకే తప్పుకొన్నాడు. 1994 ఫిబ్రవరి నుండి ఆ స్థానంలోకి వచ్చిన సకాయి హిరోయుకి చివరివరకు నిలిచినాడు. పళ్లెంలో రంగులు కూర్చే నేర్పు చూచి ఆయనను చిత్రకారుడైన దెలాక్రువాతో పోల్చినారు. అయితే తొలి భాగాలకు ప్రాణం పోసినవారు మిచిబా, చెన్.

మిచిబా 1931లో ఇషికావా మండలంలో పుట్టినాడు. కార్యక్రమం మొదలైన నాటికి ఆయనకు 62 సంవత్సరాలు. ముఖ్యవస్తువును చూచిన వెంటనే వంటవారందరూ పొయ్యి దగ్గరకు పరుగు తీస్తారు. ఈయన మాత్రం కాగితం ముందుంచుకొని, కుంచె సిరాలో ముంచి, తాను చేయబోయే వంటకాల పట్టికను అందమైన అక్షరాలలో వ్రాస్తాడు. గంట కరిగిపోతుంటే ఆ నెమ్మది చూచి మా అమ్మాయి కంగారుపడినది. మా అమ్మ నవ్వి, “వాడు అంతా మనసులో వండేశాడే పిల్లా, ఇక మనకి చూపించడమే మిగిలింది” అన్నది. జపాను మాట ఒక్కటి రాని ఆమెకు ఆ కుంచెలోని రహస్యం నాకంటె ముందు తెలిసినది.

ఆయన తరువాత చేసే పని చారు కాచుట. జపాను వంటకు పునాది ‘దాషి’ అనే తేటచారు. దానికి కావలసినవి రెండు: ‘కొంబు’ అనే ఎండబెట్టిన సముద్రపు నాచు, ‘కత్సువోబుషి’ అనే చేప తురుము. సూర జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టె వలె గట్టిపడే వరకు ఎండబెట్టి, చిత్రిక పట్టినట్లు సన్నని పొరలుగా తురుముతారు. కొంబులో ఉన్న రుచి తీపి, పులుపు, ఉప్పు, చేదులలో దేనికీ చెందదని గమనించి, 1908లో టోక్యోలో ఇకెదా కికునాయె అనే రసాయనశాస్త్రజ్ఞుడు దానికి కారణమైన గ్లుటామేటును వేరుచేసి, ఆ రుచికి ‘ఉమామి’ అని పేరు పెట్టినాడు. మిచిబా పిడికెళ్లకొద్దీ తురుము వేసి కాచే చారుకు ‘ఇనోచి నో దాషి’ అని ప్రసిద్ధి. ప్రాణపు చారు అని దాని అర్థం. విశేషమేమంటే ఇంత సంప్రదాయంలో నిలబడి ఆయన బాతు కాలేయాన్ని, చేపగుడ్లను, పాశ్చాత్యుల దినుసులను జంకు లేక వాడినాడు. పునాది గట్టిగా ఉన్నవాడు కిటికీలు తెరచుటకు భయపడడు. 1996 జనవరిలో 65 ఏళ్లు నిండగానే ఆయన ఆ పదవిని వదలుకొన్నాడు. తొంభై దాటిన తరువాత కూడ ఆయన కెమెరా ముందు నిలిచి ఇంటి వంటలు నేర్పినాడు.

చెన్ కెనిచి కథ వేరు. ఆయన 1956లో పుట్టినాడు. తండ్రి చెన్ కెన్మిన్ చైనాలోని సిచువాన్ ప్రాంతం నుండి వచ్చి, 1952లో జపాను చేరి, 1958లో టోక్యోలో భోజనశాల తెరచినాడు. సిచువాన్ వంటలోని కారం జపాను వారి నాలుకకు పడదు. అందుచేత రొయ్యల కూరలో టమాటా కెచప్ కలిపి కారాన్ని మెత్తపరచినాడు. తోఫుతో చేసే ‘మాబో తోఫు’ను జపాను గృహిణులకు పరిచయం చేసినాడు. నేడు ఆ రెండూ జపానులో ఇంటింటి వంటలు. ఆ తండ్రి 1990లో మరణించినాడు. మూడేళ్లకు కుమారుడు కిచెన్ స్టేడియంలో నిలబడినాడు.

మిచిబా ముఖంలో ఏమీ కనిపించదు. చెన్ ముఖంలో ఏదీ దాగదు. కంగారు, సంతోషం, తప్పు చేసిన పిల్లవాని బెదురు, అన్నీ తెలిసిపోతాయి. రెండవ సాయంకాలం మా అమ్మ అతనిని కొంతసేపు చూచి, “ఈ అబ్బాయికి తండ్రి ఉన్నాడా?” అని అడిగినది. లేడన్నాను. “అదీ సంగతి. ఎవరికో జవాబు చెప్పుకుంటున్నట్టు వండుతున్నాడు” అన్నది. ఆరేళ్ల పాటు, మొదటి నుండి చివరివరకు, పదవి వదలక నిలిచిన ఉక్కుమనిషి ఆయన ఒక్కడే. 2023 మార్చిలో ఆయన మరణించినప్పుడు జపానులో ఎందరో తమ ఇంటిమనిషి పోయినట్లు దుఃఖించినారు.

ఇక నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. ఈ కార్యక్రమాన్ని కళ్లు మూసుకొని కూడ అనుసరించవచ్చును. దాని నిర్మాణమంతా ఆటల వ్యాఖ్యానానిది. పైన ఫుకుయి కెంజి అనే ప్రకటనకర్త వరుసగా జరుగుతున్నది చెబుతుంటాడు. ప్రక్కన టోక్యోలో పోషణశాస్త్ర కళాశాల నడిపిన హత్తోరి యుకియో కూర్చుండి, ఏ వంటవాడు ఏ పని ఎందుకు చేస్తున్నాడో వివరిస్తాడు. కింద పొయ్యిల మధ్య తిరిగే ఓతా షినిచిరో మధ్యలో “ఫుకుయి సాన్!” అని కేక పెట్టి, తాను దగ్గరగా చూచినది అందజేస్తాడు. ఫుట్‌బాలు మైదానం ప్రక్కన మైకు పట్టుకొని నిలబడిన వారెవరికైనా ఆ కేక పరిచితమే. కత్తి బల్లకు తగిలే చప్పుడు, మూకుడులో నూనె పేలే చప్పుడు, వాటిమీద ఈ మూడు గొంతులు. ఇంతటితో వంట కళ్లకు కట్టుతుంది.

కాని ఎంత చేసినా ఒక్కటి అందదు. రుచి అందదు. వంటను గురించిన కార్యక్రమంలో వంటకు ప్రయోజనమైనదే ప్రేక్షకునికి చేరదు. దమయంతి బాహుకుడు వండిన మాంసం రుచి చూచి అతడు నలుడని నిశ్చయించుకొన్నదని భారతకథ. మనకు ఆ అవకాశం లేదు. పళ్లెం వారి ముందున్నది. మన ముందు మాట ఒక్కటే ఉన్నది. అందుచేత కార్యక్రమం భారమంతా చివరకు రుచి చూచేవారి మీద పడుతుంది. వారిలో కిషి అసాకో అనే పాకవిమర్శకురాలు ఉండేది. “ఓయిషూ గొజాయిమాసు” అని, అనగా “రుచిగా ఉన్నదండీ” అని, ఎంతో మర్యాదగా ఆమె పలికే మాట జపానులో నానుడి అయినది. కాని ఆమె ఆ మాటతో ఆగేది కాదు. నచ్చనిది ఏదో, ఎందుకు నచ్చలేదో అంత మర్యాదగానూ చెప్పేది. తక్కినవారిలో వృత్తివిమర్శకులు కానివారు, నటీనటులు కూడ ఉండేవారు. వారు మాటకోసం తడుముకొంటారు. నోట్లో ఉన్నదానిని చెప్పలేక చేతులు తిప్పుతారు. అయినను “బాగున్నది” అని ఊరకుండుటకు వీలు లేదు. ఎదుట వండినవాడు నిలబడి ఉన్నాడు. ఒక గంట శ్రమ, వెనుక ముప్పది నలుబది ఏళ్ల అభ్యాసం పళ్లెంలో పెట్టి నిలబడి ఉన్నాడు. అతనికి తగిన మాట రావలెను.

మార్కులతో వంటను కొలువవచ్చునా అన్న నా పాత ప్రశ్నకు ఇక్కడ సమాధానం దొరికినది. కొలువలేము. రుచికి పది అంకెలు చాలవు. కాని మార్కు వేయవలసి వచ్చినందువలన తినేవాడు తిన్నదాని మీద మనస్సు పెట్టవలసి వచ్చినది. వంటశాలలో దాగిన బాహుకునికి, వలలునికి దక్కనిది ఇదే. కడుపు నింపినందుకు కృతజ్ఞత వారికి దక్కి ఉండవచ్చును. ఏ వంటకంలో ఏమి చేసినాడో గుర్తించి, వండినవాని ముఖం చూచి చెప్పే మాట దక్కలేదు. నేను ఇరవై ఏళ్లు అన్నంతో ఆట అని కొట్టివేసినది నిజానికి ఆ మాటకోసం నడిచిన సభ.

ఆ తొలి భాగాలలోని మనుషులలో కొందరు నేడు లేరు. కిషి అసాకో 2015లో, హత్తోరి యుకియో 2024లో కాలధర్మం చెందినారు. వారు తిన్న వంటకాలు ఆ రాత్రికే చెల్లిపోయినవి. మిగిలినవి చేతుల కదలిక, గొంతుల ధ్వని, తగిన మాట కోసం పడిన ఆ తడబాటు.

నాలుగవ సాయంకాలం భాగాలు చూచుట ముగిసిన తరువాత మా అమ్మ వంటింటిలోకి వెళ్లి చేపల పులుసు దించినది. అలవాటు చొప్పున నన్ను పిలిచి గరిటెతో చేతిలో కొంచెం వేసినది. నేను అలవాటు చొప్పున “బాగుందమ్మా” అన్నాను. ఆమె నావంక చూచి, “బాగుందంటే నాకేం తెలుస్తుందిరా? ఆ జపాను వాళ్లు చూడు, ఎంతసేపు చెబుతారో!” అన్నది.

రేడియోలో మాట్లాడుట నా వృత్తి. చూడలేని దానిని శ్రోతలకు మాటలతో చూపుట నాకు జీతమిచ్చే పని. నాలుగేళ్లుగా రుచి తెలియని మా అమ్మకు, ఆమె చేతివంటను గురించి, నేను ఒక్క మాటతో సరిపెట్టినాను. నేను నిలబడి, మళ్లీ రుచి చూచి, తడుముకొంటూ చెప్పినాను: చింతపండు పులుపు ముందు నాలుకకు తగులుతున్నదని, దాని వెనుక మెంతుల చేదు సన్నగా వస్తున్నదని, కారం గొంతులో దిగిన తరువాత గాని తెలియుట లేదని, బెల్లం వేసినట్లు తెలియకుండ వేసినదని, ఉప్పు ఒక్క పలుకు తక్కువైనదని. ఆమె కళ్లు మూసుకొని విన్నది. ఉప్పు అందుకొని ఒక చిటికెడు వేసి, “మెంతులు ఇవాళ కొంచెం ఎక్కువ వేగాయి, చప్పుడు తెలిసింది. చేదు వస్తుందనే అనుకున్నా” అన్నది.

అప్పటినుండి మా ఇంట ప్రతిరోజు వంట దించిన తరువాత నేను అయిదు నిమిషాలు మాట్లాడవలసి ఉన్నది. నాకున్న శ్రోతలందరిలో ఆ ఒక్క శ్రోతకు తగిన మాట వెదకుటే కష్టంగా ఉన్నది.